నర్సుల సంఖ్య, జీతం, పని గంటలు చట్టంలో రాయండి: తెలంగాణ ప్రభుత్వానికి నల్గొండ, పాలమూరు నర్సుల బహిరంగ లేఖ

గౌరవనీయులైన ముఖ్యమంత్రి గారికి, వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి, కార్మిక శాఖ మంత్రి గారికి, ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల ఎమ్మెల్యేలకు, ఎమ్మెల్సీలకు,

నమస్కారాలు.

మేము నల్గొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల, నారాయణపేట జిల్లాల్లో పనిచేస్తున్న నర్సులం. మాలో ప్రైవేటు ఆసుపత్రుల వాళ్లే ఎక్కువ. సర్కారు దవాఖానల్లో కాంట్రాక్టు మీద, ఔట్‌సోర్సింగ్ మీద చేసేవాళ్లూ ఉన్నారు. తమకు రెగ్యులర్ కొలువు ఉన్నా మా కోసం సంతకం పెట్టిన అక్కలూ ఉన్నారు.

ఈ విషయాలు మీకు కొత్తగా చెబుతున్నవి కావు. ప్రజావాణిలో అర్జీ పెట్టాం. లేబర్ ఆఫీసులో ఇచ్చాం, వైద్యాధికారులకు ఇచ్చాం, ఎన్నికలప్పుడు ఓట్లడగడానికి వచ్చిన నాయకుల చేతికీ ఇచ్చాం. అందరూ మర్యాదగానే తీసుకున్నారు. ఒక చోట ఇది వైద్య శాఖ చూడాలన్నారు. ఇంకో చోట జీతాల సంగతి కార్మిక శాఖది అన్నారు. మరో చోట ప్రైవేటు వాళ్ల విషయంలో మేమేం చేస్తామమ్మా అన్నారు. ఇప్పటిదాకా ఒక్క అర్జీకీ రాతపూర్వకంగా జవాబు రాలేదు. అందుకే మీ అందరికీ కలిపి, జనం కూడా చదివేలా ఈ లేఖ రాస్తున్నాం.

మేము అడిగేది ఒక చట్టం. ఎంతమంది పేషెంట్లకు ఒక నర్సు ఉండాలి, ఆ నర్సుకు ఎంత జీతం ఇవ్వాలి, ఎన్ని గంటలు పని చేయించుకోవచ్చు అన్నది తెలంగాణ శాసనసభ తేల్చి రాయాలి. సలహాలు, సర్క్యులర్లు ఇప్పటికే చాలా ఉన్నాయి. తప్పినవాళ్లకు శిక్ష పడేలా రాసినది మాత్రం లేదు.

ఇది కేంద్రం చేయాల్సిన పని అని దయచేసి చెప్పకండి. ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాజ్యాంగం ఏడో షెడ్యూల్‌లో రాష్ట్ర జాబితాలోనే ఉన్నాయి. కార్మిక సంక్షేమం ఉమ్మడి జాబితాలో ఉంది. అంటే ఈ రెండు విషయాల్లోనూ చట్టం చేసే అధికారం మీకుంది.

మీరు చేసిన మంచిని మేము మరిచిపోలేదు. 2024 జనవరి 31న ఎల్బీ స్టేడియంలో దాదాపు ఏడు వేల మంది స్టాఫ్ నర్సులకు నియామక పత్రాలు ఇచ్చారు. అదే ఏడాది మరో 2,050 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారు. ఒకప్పుడు పెద్ద జబ్బంటే హైదరాబాద్ బస్సెక్కాల్సిన పాలమూరుకు, నల్గొండకు ఇప్పుడు జిల్లా జిల్లాకూ మెడికల్ కాలేజీ వచ్చింది. సంతోషం. అయితే బెడ్లు పెరిగినంతగా వాటి పక్కన నిలబడే మనుషులు పెరగలేదు. ప్రైవేటులోనైతే ఎవరూ లెక్కే అడగడం లేదు.

ఇక మా పరిస్థితి, దానివల్ల జనానికి జరుగుతున్నది వరుసగా చెబుతాం.

1. రాత్రి వార్డులో ఒక్కరే

టీచింగ్ ఆసుపత్రి వార్డులో ముగ్గురు పేషెంట్లకు ఒక నర్సు, సాధారణ ఆసుపత్రిలో ఐదుగురికి ఒకరు, ఐసీయూలో ఒకరికి ఒకరు ఉండాలని, సెలవుల కోసం అదనంగా 30 శాతం మందిని పెట్టుకోవాలని భారత నర్సింగ్ కౌన్సిల్ ఎప్పుడో చెప్పింది. మా జిల్లాల్లో రాత్రి పూట ముప్పై, నలభై మందిని ఒక్కరే చూసుకుంటున్న వార్డులు ఉన్నాయి. ఐసీయూ అని బోర్డు పెట్టి, బిల్లు వేసి, ఆరుగురికి ఒక నర్సును పెట్టిన చోట్లా మేము పనిచేశాం.

దీనివల్ల ఏమవుతుందో మా ఊళ్ల కేసులతోనే చెబుతాం. పత్తి, మిరప చేలకు మందు కొట్టే ప్రాంతం ఇది. పురుగుల మందు ఒంట్లోకి పోయిన మనిషిని అర్ధరాత్రి ఆటోలో వేసుకొస్తారు. ఆర్గానోఫాస్ఫరస్ రకం పురుగుల మందైతే దానికి విరుగుడుగా అట్రోపిన్ ఇస్తాం. అది ఒకసారి ఇచ్చి పక్క బెడ్‌కు పోయే ఇంజక్షన్ కాదు. మొదట్లో ఐదు, పది నిమిషాలకోసారి ఛాతీలో గురగుర తగ్గిందా, నాడి ఎంత, బీపీ ఎంత, చెమట ఆరిందా, కంటిపాప ఎలా ఉంది అని చూస్తూ డోసు పెంచుకుంటూ పోవాలి. డోసు చాలకపోతే ఊపిరితిత్తుల్లో నీరు నిండుతుంది. ఎక్కువైతే ఒళ్లు కాలిపోతుంది, మనిషి మతి తప్పి సెలైన్ పీకేసుకుంటాడు. ఈ గండం గట్టెక్కి పేషెంట్ మాట్లాడుతున్నాడని ఇంటివాళ్లు ఊపిరి పీల్చుకున్నాక, రెండో రోజో మూడో రోజో మెడ నిలపలేకపోవడం మొదలవుతుంది. అది శ్వాస ఆగిపోబోతోందనడానికి గుర్తు. డాక్టరు రౌండ్‌కు వచ్చేది పొద్దున. దాన్ని రాత్రి మూడు గంటలకు కనిపెట్టాల్సింది నర్సు. ఆ నర్సు అప్పుడు వార్డు ఆ చివర ఇంకొకరికి రక్తం ఎక్కిస్తూ ఉంటే ఎవరు కనిపెట్టాలి?

కాన్పుల వార్డు సంగతి చూడండి. బిడ్డ పుట్టాక మొదటి రెండు గంటలు పావుగంటకోసారి తల్లి నాడి, బీపీ చూడాలి, గర్భసంచి గట్టిపడిందా, రక్తం ఎంత పోతోంది అని చూడాలి. లోపలే రక్తం పేరుకుంటే పైకి ఏమీ కనిపించదు, తల్లి నిద్రపోతున్నట్టే ఉంటుంది. ఆ రెండు గంటల్లో ఇంకో ఇద్దరికి నొప్పులు ఎక్కువైతే ఒక్క నర్సు ఏ బల్ల దగ్గర ఉండాలి? దేవరకొండ తండాల నుంచి, అమ్రాబాద్ అడవుల్లోని చెంచు గూడేల (పెంటల) నుంచి ఎంతో నచ్చజెప్పి తల్లులను ఆసుపత్రి కాన్పుకు తీసుకొస్తున్నాం. తీసుకొచ్చాక వాళ్ల పక్కన మనిషి లేకపోతే ఆ నమ్మకం నిలవదు.

పాము కాటు కేసుకు విరుగుడు మందు ఎక్కుతున్నంత సేపూ రియాక్షన్ కోసం కనిపెట్టుకుని ఉండాలి. విజయవాడ హైవే మీద చౌటుప్పల్ నుంచి కోదాడ దాకా, బెంగళూరు హైవే మీద జడ్చర్ల నుంచి అలంపూర్ చౌరస్తా దాకా జరిగే యాక్సిడెంట్లలో ఒక్కోసారి నలుగురైదుగురిని ఒకేసారి తెస్తారు. మంచం మీదున్న పక్షవాతం పేషెంట్‌ను రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే పుండు పడుతుంది. ఇవన్నీ ఒక్కరు చేసే పనులు కావు. చేయలేక వదిలేసిన పని చార్టులో కనిపించదు, పేషెంట్ ఒంటి మీద కనిపిస్తుంది.

ఇది మా ఊహ కాదు. యూరప్‌లోని తొమ్మిది దేశాల ఆసుపత్రులను పరిశీలించి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, ఆపరేషన్ చేయించుకున్న వాళ్లలో ఒక నర్సు చూసే పేషెంట్ల సంఖ్య ఒకటి పెరిగితే నెలలోపు చనిపోయే ముప్పు 7 శాతం పెరుగుతోందని తేలింది. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 1999లోనే నర్సు, పేషెంట్ల నిష్పత్తి మీద చట్టం చేసి 2004 నుంచి అమలు చేస్తోంది. అది చేసింది ఒక రాష్ట్ర శాసనసభే.

2. జీతం

ప్రైవేటు ఆసుపత్రుల నర్సుల జీతాల మీద వేసిన కేసులో 2016 జనవరి 29న సుప్రీంకోర్టు కమిటీ వేయమని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ కమిటీ అదే ఏడాది లెక్క తేల్చింది. 200 బెడ్లకు మించిన ఆసుపత్రిలో రాష్ట్ర ప్రభుత్వ నర్సుతో సమానంగా జీతం ఇవ్వాలి. 100 నుంచి 200 బెడ్లుంటే ప్రభుత్వ జీతం కంటే 10 శాతానికి మించి తగ్గకూడదు. 50 నుంచి 100 అయితే 25 శాతానికి మించి తగ్గకూడదు. 50 కన్నా తక్కువ బెడ్లున్న చిన్న ఆసుపత్రిలోనూ నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదు. సెలవులు, పని గంటలు, వైద్యం, రవాణా, వసతి ప్రభుత్వ నర్సులతో సమానంగా ఉండాలని కూడా చెప్పింది. వీటిని అమలు చేయమని రాష్ట్రాలకు పంపారు.

అది 2016 నాటి 20,000. జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు చదివి, కౌన్సిల్‌లో రిజిస్టర్ చేయించుకుని, ఈ రోజుకూ నెలకు పది, పన్నెండు వేలకు పనిచేస్తున్న వాళ్లు మాలో ఉన్నారు. చదువు కోసం తండ్రి చేసిన అప్పుకు వడ్డీ కట్టి, హాస్టల్‌కు కట్టి, ఇంటికి పంపడానికి చేతిలో ఏమీ మిగలని వాళ్లున్నారు.

కేరళలో నర్సులు ఏళ్లపాటు కొట్లాడాక అక్కడి ప్రభుత్వం 2018 ఏప్రిల్‌లో ప్రైవేటు ఆసుపత్రుల కనీస వేతనాలను సవరించి, నర్సుకు 20,000 రూపాయల మూల వేతనం తప్పనిసరి చేస్తూ నోటిఫికేషన్ ఇచ్చింది. దానివల్ల అక్కడ ఆసుపత్రులు మూతపడిపోలేదు. కనీస వేతనాలను ఐదేళ్లకోసారైనా సమీక్షించాలని 1948 నాటి చట్టమే చెప్పింది, కొత్త వేతన కోడ్ కూడా అదే చెబుతోంది. మీ సంతకంతో అయ్యే పని ఇది.

జీతం తక్కువ కావడం మా ఇంటి సమస్యతో ఆగదు. అనుభవం వచ్చిన నర్సు ఉండదు. ఐసీయూ పని నేర్చుకున్న ఏడాదికే హైదరాబాద్ పోతుంది, గల్ఫ్ పోతుంది. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామే నర్సులకు జర్మన్ భాష నేర్పించి జర్మనీకి పంపుతోంది. వెళ్లేవాళ్లను మేము తప్పుపట్టం, వాళ్లు మా చెల్లెళ్లే. కానీ మిర్యాలగూడలోనో వనపర్తిలోనో పేషెంట్‌కు ఎప్పుడూ కొత్తగా చేరిన అమ్మాయే మిగులుతోంది.

3. నర్సులు కానివాళ్లను నర్సులుగా చూపించడం

ఇది రాయడానికి మాకు బాధగా ఉంది, అయినా రాయక తప్పదు. ఇంటర్ కూడా పూర్తి కాని ఆడపిల్లలను ఆరేడు వేలకు పెట్టుకుని, యూనిఫాం తొడిగి, సూదులు వేయిస్తున్న నర్సింగ్ హోములు ఉన్నాయి. పేషెంట్‌కు వాళ్లూ సిస్టరే, మేమూ సిస్టరే. ఆ పిల్లల తప్పు లేదు, వాళ్లకు ఇంట్లో గడవాలి. అయితే పొటాషియం క్లోరైడ్‌ను నీళ్లలో కలపకుండా నేరుగా నరంలోకి ఎక్కిస్తే గుండె ఆగిపోతుందని వాళ్లకు ఎవరూ నేర్పలేదు. తనిఖీకి వచ్చే రోజు మాత్రం అర్హత ఉన్నవాళ్ల సర్టిఫికెట్లు ఫైల్లో పెట్టి చూపిస్తారు. ఆ ఫైల్లో ఉన్న నర్సు అసలు ఆ ఊళ్లోనే ఉండదు.

ఆసుపత్రుల రిజిస్ట్రేషన్ కోసం 2010లో వచ్చిన కేంద్ర క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టాన్ని మన రాష్ట్రం స్వీకరించింది. సిబ్బంది కనీస ప్రమాణాలు ఉంటేనే రిజిస్ట్రేషన్ ఇవ్వాలని అందులో ఉంది. రాత్రి పదకొండు గంటలకు వచ్చి వార్డులో తలలు లెక్కపెట్టిన అధికారిని మేము ఇంతవరకు చూడలేదు.

4. పని గంటలు

పన్నెండు గంటల డ్యూటీ మామూలైపోయింది. రిలీవర్ రాకపోతే నైట్ దిగినవాళ్లే మళ్లీ పగలు కొనసాగాలి. ఓవర్‌టైమ్ అన్న మాటే లేదు. వారం సెలవు రోజున ఫోన్ చేసి పిలుస్తారు, రానంటే ఒక రోజు జీతం కోస్తారు. పద్దెనిమిదో గంటలో ఇన్సులిన్ డోసు లోడ్ చేస్తున్నప్పుడు మా చేతులు వణికితే దాని ఫలితం ఎవరు అనుభవిస్తారో వేరే చెప్పక్కర్లేదు.

2025 జూలైలో మన ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో, వారానికి 48 గంటలు దాటకుండా, రోజుకు 10 గంటల దాకా పని చేయించుకోవచ్చని జీవో ఇచ్చింది. మా యాజమాన్యాలు కొన్ని దాన్నే మాకు చూపిస్తున్నాయి, 48 గంటల మాట మాత్రం ఎత్తడం లేదు. 2025 నవంబర్ 21 నుంచి కేంద్రం తెచ్చిన నాలుగు లేబర్ కోడ్‌లు (కార్మిక చట్టాలు) అమల్లోకి వచ్చాయి. రోజుకు 8 గంటలు, ఓవర్‌టైమ్‌కు రెట్టింపు, ప్రతి ఒక్కరికీ నియామక పత్రం, మహిళలకు రాత్రి డ్యూటీ వేయాలంటే వాళ్ల సమ్మతి, రక్షణ అని వాటిలో ఉంది. అయితే రాష్ట్రం రాసుకునే రూల్స్‌లో ఆసుపత్రుల గురించి విడిగా రాయకపోతే ఇవేవీ నర్సింగ్ హోము గేటు దాటి లోపలికి రావు. ఆ రూల్స్ రాసేటప్పుడు మమ్మల్ని పిలవండి.

5. సర్టిఫికెట్లు, బాండ్లు

చేరిన రోజు ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని బీరువాలో పెట్టేస్తారు. ఏడాది, రెండేళ్లు మానకూడదని ఖాళీ బాండ్ పేపర్ మీద సంతకం పెట్టిస్తారు. మధ్యలో మానితే డబ్బు కట్టమంటారు. ప్రభుత్వ ఉద్యోగం వచ్చి వెరిఫికేషన్‌కు ఒరిజినల్స్ కావాల్సి వచ్చినప్పుడు, అప్పు చేసి ఆ డబ్బు కట్టి సర్టిఫికెట్లు విడిపించుకున్న వాళ్లు మాలో ఉన్నారు.

6. పీఎఫ్, ఈఎస్‌ఐ, ప్రసూతి సెలవు, సూది గాయం

నెలకు 21,000 లోపు జీతం ఉన్నవాళ్లకు ఈఎస్‌ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) వర్తించాలి. పది మంది పనిచేసే ఆసుపత్రికీ అది తప్పనిసరి. అందుకే చాలా చోట్ల కాగితాల మీద తొమ్మిది మందే ఉంటారు. పీఎఫ్ మా జీతంలో కోసినట్టు చెబుతారు, ఖాతాలో చూస్తే ఉండదు. 26 వారాల ప్రసూతి సెలవు 2017 నుంచి చట్టంలో ఉంది. ఏడో నెల వచ్చిన నర్సును మాత్రం మానేసి పొమ్మంటారు. ఊరందరి కాన్పులూ చేసే చేతులకు సొంత కాన్పు వచ్చేసరికి కొలువు పోతోంది.

వాడిన సూది మాకు గుచ్చుకోవడం అరుదైన సంగతి కాదు. హెచ్‌ఐవీ ఉన్న పేషెంట్ సూది అయితే రెండు గంటల్లో, ఎంత ఆలస్యమైనా 72 గంటల్లోపు మందు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. హెపటైటిస్ బి టీకా మూడు డోసులు ముందే వేయించి ఉండాలి. టీకా ఖర్చు కూడా మా జేబులోంచే పెట్టుకోమంటున్నారు.

7. భద్రత

నర్సుల మీద, డాక్టర్ల మీద, ఆసుపత్రుల మీద దాడి చేస్తే మూడేళ్ల దాకా జైలు, 50 వేల దాకా జరిమానా, నాన్ బెయిలబుల్ కేసు అని చెప్పే చట్టం 2008 నుంచి మనకుంది. అది ఉందని చాలా ఆసుపత్రుల్లో ఎవరికీ తెలియదు. గొడవ జరిగినప్పుడు యాజమాన్యం రాజీ చేసుకుంటుంది, దెబ్బ తిన్న అమ్మాయి మర్నాడు అదే వార్డులో డ్యూటీ చేస్తుంది. ఈ గొడవల్లో ఎక్కువ భాగం 'గంట నుంచి పిలుస్తున్నా ఎవరూ రాలేదు' అన్న కోపంతోనే మొదలవుతాయి. ఆ కోపం న్యాయమైనదే. అది ఎదురుగా కనిపించే నర్సు మీద పడుతోంది.

2024 ఆగస్టులో కోల్‌కతా ఆర్జీ కర్ ఆసుపత్రిలో డ్యూటీ డాక్టర్‌కు జరిగిన దారుణం తర్వాత దేశమంతా మాట్లాడారు. పది మంది పనిచేసే ప్రతి చోటా లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీ ఉండాలని 2013 నుంచి చట్టం ఉంది. మా జిల్లాల్లోని ప్రైవేటు ఆసుపత్రుల్లో ఆ కమిటీ ఎక్కడుందని అడిగితే మేమే చెప్పలేం. రాత్రి ఎనిమిదికి డ్యూటీ దిగిన అమ్మాయి ఆటో దొరికే దాకా రోడ్డు మీద నిలబడుతోంది. నైట్ డ్యూటీలో కాసేపు కూర్చోవడానికి తలుపు గడియ పడే గది లేని చోట్లు ఉన్నాయి.

8. కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్

ఒకే వార్డు, ఒకే పని, ఒకే యూనిఫాం. ఒకరికి పూర్తి జీతం, పక్కన ఉన్నామెకు అందులో సగం కూడా లేదు, అదీ రెండు మూడు నెలలకోసారి. సమాన పనికి సమాన వేతనం తాత్కాలిక ఉద్యోగులకూ వర్తిస్తుందని 2016 అక్టోబర్‌లో పంజాబ్ ప్రభుత్వ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కరోనాలో మమ్మల్ని ముందు నిలబెట్టినప్పుడు ఎవరూ రెగ్యులరా, కాంట్రాక్టా అని అడగలేదు.

ఇక యాజమాన్యాల మాట. జీతాలు పెంచితే చిన్న ఆసుపత్రులు నడవవని, లేదంటే ఆ భారం పేషెంట్ బిల్లు మీదే పడుతుందని అంటారు. ఆ మాటను మేము కొట్టిపారేయడం లేదు. ఇరవై బెడ్ల నర్సింగ్ హోము నడిపే డాక్టర్ల కష్టం దగ్గరుండి చూస్తున్నాం. 2016 నాటి కమిటీ కూడా అందుకే బెడ్లను బట్టి జీతం లెక్క కట్టింది. ఆరోగ్యశ్రీ బకాయిలు రావడం లేదని నెట్‌వర్క్ ఆసుపత్రులు 2025లో సేవలు ఆపే దాకా వెళ్లాయి. బకాయి ఆగితే ముందు ఆగేది మా జీతమే. కాబట్టి ప్రభుత్వం తన వంతు డబ్బు సమయానికి ఇవ్వాలి. దానికి ఒక షరతు కూడా పెట్టాలి. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబర్ 9న పది లక్షలకు పెంచారు. ఆ డబ్బు జనం పన్నుల డబ్బు. అది తీసుకునే ఆసుపత్రిలో సరిపడా నర్సులు ఉన్నారా, వాళ్ల ఖాతాల్లో జీతం పడుతోందా అని అడిగే హక్కు ప్రభుత్వానికి పూర్తిగా ఉంది. ఈ ఒక్క షరతు సరిగ్గా పెడితే కొత్త చట్టం వచ్చేలోపే సగం పని అవుతుందని మా నమ్మకం.

మా డిమాండ్లు ఇవి:

1. నర్సు, పేషెంట్ల నిష్పత్తిని షిఫ్టు వారీగా నిర్ణయిస్తూ, ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులన్నిటికీ వర్తించేలా వచ్చే అసెంబ్లీ సమావేశాల్లో బిల్లు పెట్టాలి. రాత్రి షిఫ్టుకు వేరే తగ్గింపు ఉండకూడదు. నిష్పత్తి తప్పిన ఆసుపత్రికి మొదట జరిమానా, మళ్లీ తప్పితే కొత్త అడ్మిషన్ల నిలుపుదల ఉండాలి.

2. 2016 కమిటీ సిఫార్సులను ఆధారం చేసుకుని, అప్పటి నుంచి పెరిగిన ధరలను కలిపి ప్రైవేటు నర్సుల కనీస వేతనాన్ని నోటిఫై చేయాలి. జీతం బ్యాంకు ఖాతాలోనే వేయాలి. ఏటా కరువు భత్యంతో పాటు పెరగాలి.

3. ఆరోగ్యశ్రీ నెట్‌వర్క్‌లో ఉండాలంటే నర్సుల సంఖ్య, వాళ్ల రిజిస్ట్రేషన్ నంబర్లు, జీతం చెల్లించిన రుజువు మూడు నెలలకోసారి ఇవ్వాలని షరతు పెట్టాలి. ఆసుపత్రుల బకాయిలకు కూడా గడువు పెట్టాలి.

4. ప్రతి వార్డు బయట ఆ షిఫ్టులో ఎంతమంది పేషెంట్లు, ఎంతమంది రిజిస్టర్డ్ నర్సులు ఉన్నారో బోర్డు మీద తెలుగులో రాయాలి. దీనికి చట్టం వచ్చే దాకా ఆగాల్సిన పని లేదు, ఒక్క ఉత్తర్వు చాలు.

5. ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకోవడాన్ని, బాండ్ రాయించుకోవడాన్ని శిక్షార్హమైన నేరంగా ప్రకటించాలి. ఇప్పటికే ఉన్నవి నెలలోపు తిరిగి ఇప్పించాలి.

6. లేబర్ కోడ్‌ల రాష్ట్ర నిబంధనల్లో ఆసుపత్రులకు ప్రత్యేక అధ్యాయం ఉండాలి. రోజుకు 8 గంటలు, వారానికి ఒక సెలవు, ఓవర్‌టైమ్‌కు రెట్టింపు, రాత్రి డ్యూటీకి రవాణా, విశ్రాంతి గది, హెపటైటిస్ బి టీకా, సూది గాయానికి ఉచిత వైద్యం అందులో రాయాలి. పది మంది కన్నా తక్కువ ఉన్న చోట్లకూ ఇవి వర్తించాలి.

7. 2008 నాటి దాడుల నిరోధక చట్టం గురించి ప్రతి ఆసుపత్రిలో బోర్డు పెట్టించాలి. ఫిర్యాదు యాజమాన్యం చేయకపోయినా నర్సు చేస్తే కేసు నమోదు చేయాలని పోలీసులకు ఆదేశాలివ్వాలి. లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీ లేని ఆసుపత్రికి రిజిస్ట్రేషన్ రెన్యూవల్ ఆపాలి.

8. కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ నర్సులకు రెగ్యులర్ నర్సుల మూల వేతనం ఇవ్వాలి. ఏజెన్సీలను తప్పించి నేరుగా ఖాతాలో వేయాలి. కొత్త మెడికల్ కాలేజీల్లో పెరిగిన బెడ్లకు తగ్గట్టు పోస్టులు మంజూరు చేయాలి.

9. 2023లో పార్లమెంటు చేసిన నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం ప్రకారం ఏర్పడే రాష్ట్ర కమిషన్‌లో జిల్లాల్లో బెడ్ పక్కన పనిచేసే నర్సులకు, ప్రైవేటు నర్సులకు చోటు ఇవ్వాలి.

10. బిల్లు ముసాయిదా తయారీకి కమిటీ వేసి అందులో సగం మంది నర్సులు ఉండేలా చూడాలి. ముసాయిదాను తెలుగులో ప్రకటించి, జిల్లాల్లో అభిప్రాయ సేకరణ జరపాలి. మహబూబ్‌నగర్‌లో ఒకటి, నల్గొండలో ఒకటి తప్పకుండా పెట్టాలి.

ముఖ్యమంత్రి గారూ, మీరు పాలమూరు బిడ్డ. మీ సొంత ఊరు, మీరు గెలిచిన నియోజకవర్గం రెండూ ఈ ఉమ్మడి జిల్లాలోనివే. కొడంగల్‌లోనో వంగూరులోనో ఒక తల్లికి రాత్రి రెండు గంటలకు ఫిట్స్ వస్తే మెగ్నీషియం సల్ఫేట్ ఎక్కించేది, ఆమె ఊపిరి లెక్కపెడుతూ కూర్చునేది మేమే. ఆ కూర్చునే సమయం మాకు దొరకాలని అడుగుతున్నాం.

ఈ లేఖ చదివే ప్రజలకూ ఒక మాట. మీవాళ్లను ఆసుపత్రిలో చేర్పించేటప్పుడు గది అద్దె ఎంత అని అడుగుతారు, డాక్టర్ ఎవరని అడుగుతారు. రాత్రి ఎంతమంది నర్సులు ఉంటారని కూడా అడగండి. మీ ఎమ్మెల్యే కలిసినప్పుడు ఈ బిల్లు సంగతి అడగండి. మేము అడిగితే జీతం కోసం అంటారు, మీరు అడిగితే జవాబు చెప్పక తప్పదు.

మేము డ్యూటీ ఆపం. పేషెంట్లను ఇబ్బంది పెట్టి సాధించుకోవాలన్న ఆలోచన మాకు లేదు. మే 12 అంతర్జాతీయ నర్సుల దినోత్సవంలోపు ముసాయిదా కమిటీని ప్రకటించాలని కోరుతున్నాం. ప్రకటన రాకపోతే ఆ రోజు నుంచి ఎనిమిది జిల్లాల్లో నల్ల బ్యాడ్జీలతో డ్యూటీ చేస్తాం, షిఫ్టు దిగినవాళ్లం వంతులవారీగా కలెక్టరేట్ల ముందు కూర్చుంటాం. చర్చకు పిలిస్తే ప్రతి జిల్లా నుంచి ఇద్దరం వస్తాం. పైన రాసిన ప్రతి అంశానికీ మా దగ్గరున్న కాగితాలు తెస్తాం. ఇందులో ఉన్నవాళ్ల కొలువులు పోకుండా చూస్తామని మాత్రం ముందుగా మీరు హామీ ఇవ్వాలి, ఎందుకంటే ఈ లేఖ మీద సంతకాలు పెట్టినవాళ్లలో చాలామంది రేపు పొద్దున మళ్లీ అదే యాజమాన్యం దగ్గర హాజరు వేయించుకోవాలి.

ఇట్లు,
ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల నర్సులు